ఖాలా నన్ను పట్టలేదు

నాకు దయ్యం పట్టిందని మొదట అన్నది మా అత్త. పన్నెండు రోజులుగా నోట మాట లేకుండా మంచాన పడి ఉన్న కోడలికి ఆమె జొన్న గటక తినిపిస్తోంది. నాలుగు చెంచాలు మింగాక ఆ కోడలు ముఖం చిట్లించి, "నమక్ కమ్ హై," అంది. ఉప్పు తక్కువైంది అని. మా అత్త చేతిలోని చెంచా కింద పడింది. కోడలికి మాట వచ్చిందని సంతోషించాల్సిన మనిషి, గిన్నె అక్కడే వదిలేసి వాకిట్లోకి పరిగెత్తింది.

ఆ కోడలిని నేనే. ఉప్పు నిజంగానే తక్కువైంది. ఆ సంగతి ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

మాది తెలుగు ఇల్లు. మా అత్తది మొగుడంపల్లి వైపు ఒక పల్లె, ఆమెకు తెలుగూ కన్నడమూ వచ్చు, ఉర్దూ అంతగా రాదు. మా ఆయన ఇక్కడే జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇంటి ముందు గదే నా దుకాణం. ఆడవాళ్ళ బట్టలు కుడతాను. నలభై ఆరేళ్ళ వయసులో ఒక పొద్దున జాకెట్టు చేతులు కత్తిరిస్తుంటే కత్తెర జారి పడింది. వంగి తీసుకుందామంటే కుడి చెయ్యి లేవలేదు. మా ఆయన్ని పిలుద్దామంటే నోరు లేవలేదు. కాలితో స్టూలును తన్ని పడేస్తే ఆ చప్పుడుకు ఆయన వచ్చాడు. ఇక్కడి దవాఖాన నుంచి హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు. పది రోజులకు ఇంటికి పంపిస్తూ డాక్టరు, మాట మెల్లగా వస్తుంది, నెల తరువాత మళ్ళీ తీసుకురండి అన్నాడు. ఏ భాషలో వస్తుందో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని ఎవరికి తెలుసు?

చెయ్యి వారంలోనే కదిలింది. చిటికెన వేలు, దాని పక్క వేలు మాత్రం ఇప్పటికీ నా మాట వినవు. ఎవరేమంటున్నారో నాకు పూర్తిగా తెలుస్తూనే ఉంది. తెలుగులోనే ఆలోచిస్తున్నానని కూడా అనుకున్నాను. కాని నోరు తెరిస్తే తెలుగు రాదు. బీరువాలో చీర ఉందని తెలుసు, రంగు తెలుసు, అంచు తెలుసు, తాళంచెవి లేదు. అలా ఉండేది. అన్నం అనే మాట కోసం నేను చెమటలు పట్టేదాకా వెతికాను. ఆ వెతుకులాటలో చేతికి దొరికింది ఉర్దూ. దొరికిందే మహాభాగ్యమనుకుని మాట్లాడేశాను.

ఉర్దూ ఎక్కడి నుంచి వచ్చిందంటారా? నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ నన్ను ఈ ఊళ్ళోనే మా పుట్టింటి గల్లీ చివర బట్టలు కుట్టే ఒకామె దగ్గర కూర్చోబెట్టింది. బడి వదిలితే అక్కడికే. సెలవులైతే పొద్దుటి నుంచీ అక్కడే. ఊరంతా ఆమెను ఖాలా అనేవారు, అంటే పిన్ని అని. ఖాలాకు తెలుగు బాగానే వచ్చు, కాని పని మాత్రం ఆమె ఉర్దూలోనే నేర్పేది. మెడ అంటే గలా, చెయ్యి అంటే ఆస్తీన్, నడుము అంటే కమర్. ఆమె కొలత చెప్పాలి, నేను అదే అంకెను గట్టిగా తిరిగి చెప్పి రాసుకోవాలి. అంకె తప్పితే టేపుతో వేళ్ళ మీద ఒకటి, "హౌలీ", అంటే తిక్కదానా, అని ఒక తిట్టు. పెళ్ళయ్యేదాకా పదకొండేళ్ళు అలా గడిచాయి. నేను ఉర్దూ నేర్చుకున్నది ఆమె ఒక్కదాని దగ్గరే. అందుకని నా ఉర్దూలో ఆమె విసురుంటుంది, ఆమె దీర్ఘాలుంటాయి, ఆమె తిట్లుంటాయి. చూపు మందగించాక ఖాలా తన కాలు మిషన్‌ను నాకే ఇచ్చింది. నాకు జబ్బు చేయడానికి ముందు చలికాలంలో ఆమె పోయింది.

ఇక మా అత్త ఏమనుకుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. చచ్చిపోయిన మనిషి గొంతుతో, చచ్చిపోయిన మనిషి భాషలో, కోడలు ఉప్పు అడిగింది.

జహీరాబాద్‌లో ఉర్దూ వింతా అని అడగవచ్చు. వింత కాదు. బస్టాండులో, అల్లం మండీలో, కిరాణా దుకాణంలో, ఎవరికైనా నాలుగు ముక్కలు రాకపోతే పూట గడవదు. మా ఆయన అయితే ఫ్యాక్టరీలో సగం రోజు ఉర్దూలోనే మాట్లాడతాడు. కాని బజారులో ఉర్దూ వేరు, దేవుడి గూడు ముందు కూర్చుని కోడలు గలగలా ఉర్దూ మాట్లాడటం వేరు. ఒక్క తెలుగు మాట కలవకుండా మాట్లాడటం మరీ వేరు. మా అత్త ఆ సాయంత్రమే కొడుకును పక్కకు పిలిచింది. నేను వింటున్నానని కూడా చూడలేదు.

"గీమె మన పిల్ల కాదురా. ఖాలా వచ్చి కూసున్నది. గొంతు ఇనలేదా నువ్వు?"

"దవాఖాన నుంచి మొన్ననే గద వచ్చింది. జర ఆగుదామే," అన్నాడు మా ఆయన.

"ఆగితే గట్టిగ పడ్తది," అంది మా అత్త.

ఆయన ఇంకేమీ అనలేదు. అదే నాకు మండింది. నేను దాహమంటే నీళ్ళు తెచ్చేవాడు. ఫ్యాను ఆపమంటే ఆపేవాడు. కిటికీ తెరవమంటే తెరిచేవాడు. అన్నీ ఉర్దూలోనే అడుగుతున్నాను, అన్నీ చేస్తున్నాడు. అమ్మ వచ్చి "ఏమంటున్నదిరా?" అని అడిగితే మాత్రం, "ఏమో, సమజైతలేదు," అనేవాడు. నేను ఆయన కళ్ళలోకి చూస్తే తల తిప్పుకునేవాడు. అమ్మకు భయపడ్డాడో, అమ్మ చెప్పిందే నిజమేమోనని భయపడ్డాడో, ఏదైనా సరే, నాకు ఆ రెండూ ఒకటే.

కందకు లేని దురద కత్తిపీటకు అన్నట్టు, గల్లీ మొత్తం వచ్చి చూసిపోయింది. మాట్లాడించడానికి వచ్చేవారు, మాట్లాడితే భయపడేవారు. మాట్లాడకపోతే, చూశావా మనల్ని చూసి దాక్కుంది అనేవారు. ఒకామె అయితే తన జాకెట్టు బట్ట తిరిగి తీసుకుపోయింది. కత్తిరించిన బట్ట. దాన్ని వేరేవాళ్ళు ఎలా కుడతారో చూద్దామనుకున్నాను. పాడుచేశారని తరువాత తెలిసింది. సంతోషించాను, అబద్ధమెందుకు చెప్పాలి.

ఆ తరువాతి వారం గురువారం నాడు కోహీర్ అవతలి నుంచి దయ్యాలు దించే ఆయన్ని పిలిపించారు. నన్ను హాల్లో పీట మీద కూర్చోబెట్టారు. నిమ్మకాయలు, వేపమండలు, ఒక చిప్పలో బొగ్గులు. పెద్దమనిషి నెమ్మదైనవాడే, నన్ను కొట్టలేదు, అరవలేదు. అడగవలసిన ప్రశ్నలు వరసగా అడిగాడు.

"ఎవ్వలు నువ్వు?"

ఈ ఇంటి కోడలిని అన్నాను, ఉర్దూలో. నాకు వచ్చింది అదే కదా.

ఆయనకు ఉర్దూ వచ్చు. చుట్టూ చూసి, "ఈ ఇంటి కోడల్నంటున్నది. మొదట గిట్లనే అబద్ధం చెప్తరు," అన్నాడు. మా అత్త తల ఊపింది.

"ఏం గావాలె నీకు?"

దుకాణంలో బల్ల మీద ఇంకొకామెది సగం కత్తిరించిన జాకెట్టు నా కళ్ళ ముందు మెదిలింది. అది కుట్టి ఇస్తానని నేను మాట ఇచ్చాను. "మేరేకు కైంచీ హోనా," అన్నాను.

"కత్తెర గావాలెనంట," అన్నాడాయన.

పక్కింటామె, "ఖాలానే," అని గుండె మీద చెయ్యి వేసుకుంది. కత్తెర అడిగేది ఖాలా కాక ఇంకెవరు? పాతికేళ్ళుగా కత్తెర పట్టుకుని ఆ ఇంట్లో బతుకుతున్న నేను ఒకదాన్ని ఉన్నానని అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నేను ఎంత తెలివిగా మాట్లాడితే అంత దయ్యాన్ని అయిపోతున్నాను. పిచ్చిగా అరిచి ఉంటే జబ్బు అనుకునేవారేమో.

"ఎప్పుడు పోతవ్?" అన్నాడాయన.

"తూ కబ్ జాతా?" అన్నాను. నువ్వెప్పుడు పోతావు అని.

ఇది మాత్రం ఆయన తెలుగులో చెప్పలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ మా ఆయన తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. నేను చూశాను. ఆ నవ్వు చూశాక నాకు ఆ దయ్యాలాయన మీద కోపం పోయింది, ఉన్న కోపమంతా మా ఆయన మీదికే మళ్ళింది. అర్థమై నవ్వినవాడు అర్థమైందని ఎందుకు చెప్పడు?

చివరికి తేలిందేమంటే, ఖాలా మిషన్ వెంబడి వచ్చింది. వస్తువు ఇచ్చినవాళ్ళు వస్తువుతోనే వస్తారట. మిషన్‌ను అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు, ఆదివారం పొద్దెక్కకముందు ఊరి పొలిమేర దాటించి వాగులో వదిలేయాలి. అప్పుడు కోడలికి తన భాష తనకు వస్తుంది.

ఆ మిషన్ పోతే నాకు మిగిలేదేమిటో వాళ్ళెవరూ ఆలోచించలేదు. మాట పోయిన మనిషికి పని ఒక్కటే మాట. రెండు వేళ్ళు వినకపోయినా, ఆ మిషన్ ముందు కూర్చుంటే నా పాదాలకు, నా ఎడమ చేతికి అన్నీ గుర్తున్నాయి. శుక్రవారం ఎవరూ చూడకుండా ఒక పాత గుడ్డ పెట్టి కుట్టి చూసుకున్నాను. కుట్టు వంకర లేకుండా వచ్చింది. కూర్చుని ఏడ్చాను. తరువాత కళ్ళు తుడుచుకుని, దీన్ని వాగులో ఎవరు వేస్తారో చూస్తాను అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇదంతా అయ్యాక మేం హైదరాబాద్ వెళితే డాక్టరు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళకు ఇలాంటి దెబ్బ తగిలితే ఒక్కోసారి ఒక భాష ముందు తిరిగి వస్తుంది, ఇంకొకటి వెనకబడుతుంది, ఏది ముందో ఎందుకో తాము కచ్చితంగా చెప్పలేమని అన్నాడు. మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి పంపాడు. రెండు వారాలకొకసారి బస్సెక్కి పోయి, బొమ్మలు చూసి పేర్లు చెప్పేదాన్ని. పిల్లి, గొడుగు, గడియారం. నలభై ఏడేళ్ళ ఆడదాన్ని గొడుగు అనడానికి అరగంట తీసుకున్నాను. ఆ మేడమ్ మంచిది, ఏ భాష వస్తే ఆ భాషలోనే అనండి, ఆపుకోవద్దు అనేది.

ఇప్పుడు నాకు యాభై. తెలుగు వచ్చింది, కాని పేర్లు ఇప్పటికీ తప్పించుకుంటాయి. జల్లెడను పిండి చల్లేది అంటాను, గొళ్ళేన్ని తలుపు వేలు అంటాను. కోపం వస్తే ఉర్దూలోకి జారిపోతాను. ఈ పేజీ రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మా ఆయన చదివి తప్పులు దిద్దుతానంటే దిద్దనివ్వలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అంటారు. నా నోటికి ఏమైందో అందరికీ తెలుసు, ఇక మంచిగా ఉండాల్సిన వంతు ఊరిది. నేను మాట వెతుక్కుంటున్నప్పుడు జాలిగా చూసి మాట అందించేవాళ్ళంటే నాకు గిట్టదు. నా వాక్యాన్ని ఎవరు పూర్తి చేస్తే వాళ్ళ జాకెట్టు వారం ఆలస్యమవుతుందని దుకాణంలో అట్ట మీద రాసి పెట్టాను. నిజంగానే ఆలస్యం చేస్తాను.

ఆ ఆదివారానికి వస్తాను. పొద్దున్నే మా ఆయన ట్రాలీ ఆటో తీసుకువచ్చాడు. అప్పటికే నేను స్నానం చేసి, తల దువ్వుకుని, మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఎడమ చెయ్యి చక్రం మీద, కాళ్ళు పెడల్ మీద. మా అత్త గడప అవతలే నిలబడింది, లోపలికి రాలేదు. ఆటో ఆయన వయసు మళ్ళినవాడు, నెరిసిన గడ్డం, భుజం మీద తాడు. లోపలికి వచ్చి మిషన్‌ను చూశాడు, నన్ను చూశాడు.

"భాయ్ సాబ్," అన్నాను, "యే మేరా మిషన్ హై. మేరేకు పూఛే బగైర్ లేకో జారే."

ఆయన భుజం మీది తాడు కింద పెట్టాడు. మా ఆయన వైపు తిరిగి, మా అత్తకు కూడా తెలిసేలా తెలుగులోనే అన్నాడు. "ఏమన్నా, మిషన్ ఆమెదంట గద. అడగకుండ తీస్కపోతున్నరంట."

గడప అవతల నుంచి మా అత్త అంది. "ఆమె మాట్లాడుతలేదు నాయనా. లోపటున్నామె మాట్లాడుతున్నది."

ఆటో ఆయన ఒక క్షణం ఆలోచించాడు. "లోపటున్నామె గూడ వద్దనే అంటున్నది కదమ్మా. ఇద్దరికిద్దరు వద్దన్నంక నేనెట్ల ఎక్కించుకుంట?"

ఆయన బయటికి వెళ్ళి ఆటో అంచున కూర్చున్నాడు. వెళ్ళిపోలేదు. సంగతి ఎటు తేలుతుందో చూద్దామని కూర్చున్నట్టున్నాడు.

నేను మా ఆయన వైపు తిరిగాను. పదకొండు రోజులుగా లోపల పేరుకున్నదంతా చెప్పడం మొదలుపెట్టాను, ఉర్దూలో, ఖాలా విసురుతోనే, తగ్గించుకోకుండా. ఒక ముక్క చెప్పి ఆగి, వేలితో మా అత్తను చూపించి, "బోలో," అన్నాను. చెప్పు అని. మళ్ళీ, "బోలో," అన్నాను. మూడోసారి అనేసరికి ఆయన గడప వైపు తిరిగాడు. ఇంట్లోకి దొంగ వచ్చినప్పుడు పక్కవాళ్ళను లేపే సన్నటి గొంతుతో మొదలుపెట్టాడు.

"'ఈ మిషన్ నాది' అంటున్నదమ్మా. 'ఖాలా బతికున్నప్పుడే నా చేతికిచ్చింది. ఆమె పోయింది, ఆమెకు మిషన్‌తోని పని లేదు. నాకున్నది' అంటున్నది."

మా అత్త కొడుకు ముఖాన్నే చూస్తోంది.

"'నాకేం దయ్యం పట్టలే. పట్టినా ఈ ఇంట్ల రెండు దినాలకంటె ఎక్కువ ఉండకపోతుండె' అంటున్నది."

బయట ఆటో ఆయన దగ్గు లాంటిదేదో దగ్గాడు.

"'అత్తమ్మ మీద కోపమున్నది. నన్ను పీట మీద కూసోవెట్టి పదిమంది ముంగట అడిగించింది. పన్నెండు దినాలు చంటిపిల్లకు తినిపిచ్చినట్టు తినిపిచ్చింది, అది గూడ యాదికున్నది' అంటున్నది."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని నాకు తెలుసు. తరువాతి ముక్క చెప్పాను. మా ఆయన విన్నాడు. అటు తిరగలేదు. నేలను చూస్తూ నిలబడ్డాడు.

"ఆగే బోలో," అన్నాను, తరువాతిది చెప్పమని.

"'నా పెనిమిటికి...'" అని ఆగాడు. నేను కదలకుండా చూస్తూ కూర్చున్నాను. "'నా పెనిమిటికి మొదటి దినం నుంచే నా మాట సమజైతున్నది. నీళ్ళంటే నీళ్ళు తెచ్చిండు, ఫ్యాను బందంటే బంద్ జేసిండు. దయ్యం చెప్పిన పనులు ఎవరన్న జేస్తరా? అన్నీ సమజై, నా దిక్కు మాట్లాడుతందుకు నోరు రాలే. పిరికోడు' అంటున్నది."

రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి పోతున్న చప్పుడు వినిపించింది.

"నిజమేనారా?" అంది మా అత్త.

"నిజమేనే. అంత సమజైంది. చెప్తందుకు భయమైంది."

ఈ మాటలు నేను చెప్పమన్నవి కావు. ఆయన సొంత మాటలు. ఆటో ఖాళీగానే తిరిగిపోయింది. మా ఇంట్లో ఆ పదకొండు రోజులూ నోరు పడిపోయినవాళ్ళం ఇద్దరం. నాది జబ్బు చేసి పడిపోయింది, ఆయనది ఏ జబ్బూ లేకుండానే. ఆయనది ఆ ఆదివారం తిరిగి వచ్చింది. నా తెలుగు రావడానికి ఏడాది పట్టింది. వచ్చాక మొట్టమొదట నిండు వాక్యాల్లో తిట్టింది ఆయన్నే. ఒక్క మాట తడబడలేదు.